బైపాస్ తర్వాత వార్డులో లుంగీయా, పైజామానా?

మా నాన్నకి (64 ఏళ్లు, షుగర్ ఉంది) వచ్చే సోమవారం తిరుపతిలో గుండెకి బైపాస్ ఆపరేషన్, ఆదివారం పొద్దున్నే అడ్మిట్ కావాలి. మాది చిత్తూరు, ఏదైనా మర్చిపోతే వెనక్కి వచ్చి తెచ్చుకోవడం కష్టం. రిపోర్టులు, ఆధార్, మందుల చీటీ, స్పైరోమీటర్ (ఊపిరి పీల్చే వ్యాయామానికి వాడే పరికరం), ముందు గుండీలుండే చొక్కాలు సర్దేశాను.

తేలనిది కింద వేసుకునే బట్టల సంగతే. గుండెకి వేసే రక్తనాళం కాలి నుంచి తీస్తామన్నారు, కాబట్టి కాలికి కట్టు ఉంటుంది. నర్సమ్మని అడిగితే వదులుగా ఉండేవి తెచ్చుకోండి అన్నారు, అంతే. ఇంట్లో కాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టి చూశాం: నాడా పైజామా మోకాలి దగ్గర పట్టేస్తోంది, లుంగీ హాయిగానే ఉంది గానీ నాలుగడుగులు వేసేసరికి జారుతోంది, ఛాతీ కోసిన మనిషి మాటిమాటికీ బిగించి కట్టుకోలేరు కదా, కాళ్లకి అడ్డం పడుతుందేమోనని ఒకటే టెన్షన్.

మీ ఇంట్లో బైపాస్ అయినవాళ్లు వార్డులో నడిచేటప్పుడు కింద ఏం వేసుకున్నారు?