రైఫిల్ ముందు చెక్కలో ఊడిపోయిన తెల్ల బిళ్ళ మళ్ళీ పొదిగించాలి, ఎలా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
మా జేజినాయన వాడిన .315 రైఫిల్ ఇప్పుడు మా నాన్న పేరు మీద ఉంది, లైసెన్సు సక్రమంగానే ఉంది. ముందు చెక్క కొనకు రెండు పక్కలా డైమండ్ ఆకారంలో తెల్లటి బిళ్ళ పొదిగి, చుట్టూ సన్నటి ఇత్తడి అంచు వేశారు. కుడి పక్క బిళ్ళ ఊడి ఎక్కడో పడిపోయింది. గుంట అడుగున నల్లటి పెళుసు జిగురు మిగిలింది, ఒక మూల చెక్క పెచ్చు కూడా లేచింది. ఎడమదేమో పసుపు తిరిగి అలాగే ఉంది. దంతమా, ఎముకా? ప్లాస్టిక్ ముక్క కోసి ఫెవిక్విక్‌తో అతికించమని మా చిన్నాన్న అంటున్నాడు, నాకు మనసు ఒప్పడం లేదు.

ఉలి దెబ్బ (జమ్మలమడుగు):
ఒప్పకపోవడమే మంచిది తమ్ముడూ. ఎడమ బిళ్ళను భూతద్దంతో చూడు. సన్నటి నల్ల చుక్కలో, చిన్న చిన్న గీతలో కనిపిస్తే ఎముక. ఏనుగు దంతమైతే అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే వంపు గీతలు ఉంటాయి. దంతమని తేలినా కొత్తదాని కోసం వెతకొద్దు, 1986లోనే మన దేశపు దంతం వ్యాపారం నిషేధించారు. ఎద్దు, గేదె కాలి ఎముక చాలు. కొవ్వు పోయేదాకా ఉడికించి ఎండబెట్టాలి, లేకపోతే తర్వాత జిడ్డు మరకలు తేలుతాయి.

బిళ్ళ ఊరికే ఊడలేదు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, మన మే నెల ఎండకు అడ్డంగా కుంచించుకుపోతుంది. ఎముకా, ఇత్తడీ దానితోపాటు కదలవు, మధ్యలో పాత జిగురు పగులుతుంది. ఆ నల్లటిది తోలూ ఎముకలూ ఉడికించి చేసే పాతకాలపు వజ్రం జిగురు అయితే, వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ముక్క కాసేపు పెడితే మెత్తబడుతుంది. అప్పుడు సన్న ఉలితో గీకు, అంచులు మాత్రం ముట్టుకోవద్దు, గుంట ఆకారమంతా వాటిలోనే ఉంది. ఈ చెక్కలు ఏళ్ళ తరబడి నూనె తాగి ఉంటాయి, అందుకని అతికించే ముందు గుంటను అసిటోన్‌తో తుడిచి, ఆరనిచ్చి, గుడ్డకు జిడ్డు అంటనంతవరకూ మళ్ళీ మళ్ళీ తుడవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, అరాల్డైట్ జిగురు పట్టలేదని తర్వాత బాధపడతారు.

రూలు ప్రకారం (కర్నూలు):
పనిలోకి దిగే ముందు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేసేవాళ్ళకూ లైసెన్సు ఉండాలి. కాబట్టి రైఫిల్‌ను ఏ వడ్రంగి దగ్గరో, కంసాలి కొట్లోనో వదిలి రావద్దు. మీ నాన్నగారే లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఖాళీ అని చూపించి చెక్క విడదీయించాలి. విడదీసిన చెక్కను బయట పనివాడికి ఇవ్వొచ్చా అన్నది కూడా అక్కడే అడగండి. బిళ్ళ, ఇత్తడి రేకు మాత్రం ఎక్కడైనా చేయించుకోవచ్చు.

శేషాచలం గాలి (కడప):
అన్నా, ఎముక బదులు ఎర్రచందనం ముక్క పెడితే ఎంత అందంగా ఉంటుందో! మన జిల్లా చెక్కే కదా.

ఉలి దెబ్బ (జమ్మలమడుగు):
వద్దు తమ్ముడూ, కాగితాలు లేని ఎర్రచందనం చిన్న ముక్క దొరికినా కేసే. పైగా ఎడమ పక్క తెలుపు, కుడి పక్క ఎరుపు, జత చెడుతుంది.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
చూశానన్నా, నల్ల చుక్కలు ఉన్నాయి, ఎముకే. డీలర్‌తో మాట్లాడాము, చెక్క పని చేసే మనిషి ఆయన దగ్గరే ఉన్నాడట. ఇత్తడి అంచు మా ఊరి కంసాలితో చేయించనా? కొత్త బిళ్ళ మరీ తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడదా?

ఉలి దెబ్బ (జమ్మలమడుగు):
బంగారం పని చేసే ఊళ్ళో ఉండి అడుగుతున్నావా! రేకును ఎర్రగా కాల్చి చల్లార్చమని చెప్పు, అప్పుడే మూలల్లో పగలకుండా వంగుతుంది. గుంటలో కాస్త మసి పూసి పల్చటి కాగితం నొక్కితే అంచుల అచ్చు పడుతుంది, బిళ్ళను ఆ కొలత కంటే వెంట్రుకంత పెద్దగా కోసి ఆకురాయితో తగ్గిస్తూ రావాలి. కింది అంచు లోపలికి కాస్త వాలుగా ఉంటే బిగుతుగా దిగుతుంది. ఆకురాయి పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. లేచిన పెచ్చు పోనివ్వకు, అదే ముక్కను అతికిస్తే చార కలుస్తుంది. రంగు సంగతంటావా, చిక్కటి టీ డికాక్షన్ చల్లారాక బిళ్ళను అందులో నానేసి, అప్పుడప్పుడూ తీసి ఎడమదాని పక్కన పెట్టి చూసుకో. తడిలో ముదురుగా కనిపిస్తుంది, ఆరాకే పోల్చు. చెక్క కంటే బిళ్ళ కొంచెం పైకే ఉండేలా అతికించి, జిగురు పూర్తిగా గట్టిపడ్డాక సమం చేయించు. అరిగితే లోపలి తెలుపు బయటపడుతుంది, అక్కడ మళ్ళీ డికాక్షన్ అద్దాలి. చెక్కకు అవిసె నూనె పట్టించడం ఆఖరున.