‘డినోట్’ వాడేటప్పుడు ‘బై’ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
ఇంగ్లీషులో రాస్తున్న గణిత పరిశోధన పేపర్లో ప్రధాన సంఖ్యల సమితికి పి అనే గుర్తు పెట్టాలి. వీటిలో ఏది సరైనది?
‘వి డినోట్ పి ది సెట్ ఆఫ్ ఆల్ ప్రైమ్స్’
‘వి డినోట్ బై పి ది సెట్ ఆఫ్ ఆల్ ప్రైమ్స్’
‘లెట్ పి డినోట్స్ ది సెట్ ఆఫ్ ఆల్ ప్రైమ్స్’
రెండోది వంకరగా అనిపిస్తోంది గానీ అచ్చయిన పేపర్లలో అదే కనిపిస్తోంది.

జవాబు 1:
రెండోదే సరైనది. డినోట్‌కి కర్మ ఎప్పుడూ సమితే, గుర్తు కాదు. కర్తగా మాత్రం గుర్తూ రావచ్చు (‘పి డినోట్స్ ది సెట్’), రాసేవాళ్ళూ రావచ్చు (‘వి డినోట్ ది సెట్ బై పి’). కర్త ‘వి’ అయితే గుర్తు ముందు ‘బై’ తప్పదు. ‘సమితిని పి తో సూచిద్దాం’ అంటాం కదా, ఆ ‘తో’ మీ మొదటి వాక్యంలో ఎగిరిపోయింది.

ఇక వంకర సంగతి. కర్మ పొడుగైతే ‘బై పి’ని క్రియ పక్కకి లాగుతారు. లాగకపోతే ఏమవుతుందో చూడండి: ‘వి డినోట్ ది సెట్ ఆఫ్ ఆల్ ప్రైమ్స్ దట్ డివైడ్ ఎన్ బై పి’. చదివేవాడు ఎన్‌ను పి తో భాగించడం మొదలుపెడతాడు! ‘వి డినోట్ బై పి ది సెట్ ఆఫ్ ఆల్ ప్రైమ్స్ దట్ డివైడ్ ఎన్’ అంటే ఆ గొడవ లేదు.

మూడోదాంట్లో తప్పు చివరి ‘స్’. లెట్ తర్వాత క్రియ మూలరూపంలోనే ఉండాలి: ‘లెట్ పి డినోట్’. ‘లెట్ పి ఈజ్’ అని రాయం, ‘లెట్ పి బి’ అంటాం. ఇదీ అంతే.

జవాబు 2:
పాసివ్‌లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ‘ది సెట్ ఈజ్ డినోటెడ్ బై పి’ సరే. ‘పి ఈజ్ డినోటెడ్ బై ది సెట్’ తలకిందులు, అక్కడ సమితే గుర్తయిపోతుంది.
గుర్తుకి కాక పేరుకి అయితే డినోట్ వద్దు, కాల్ వాడండి. దానికి బై గానీ యాజ్ గానీ అక్కర్లేదు: ‘వి కాల్ సచ్ ఎ నంబర్ పర్ఫెక్ట్’.

ప్రశ్న అడిగినవారు:
‘వి’ లేకుండా ‘డినోట్ బై సిగ్మా(ఎన్) ది సమ్ ఆఫ్ ది పాజిటివ్ డివైజర్స్ ఆఫ్ ఎన్’ అని మొదలుపెట్టొచ్చా?

జవాబు 1:
నిక్షేపంగా. బై మాత్రం వదలకండి. ఇంకా తేలిక కావాలంటే ‘రైట్ సిగ్మా(ఎన్) ఫర్ ది సమ్...’ అనండి, ఇక్కడ బై బదులు ఫర్. అయితే గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తేనే ఇదంతా. పేపర్ మొత్తంలో 6కి ఉన్న భాజకాల మొత్తం 12 అని ఒక్కచోట చెప్పడానికైతే మాటల్లోనే రాసేయండి.