అప్‌డేట్: ఎల్క్ వేటకు .30-06 చాలింది, లోపం స్కోప్‌లో ఉంది

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు నా పాత .30-06 రైఫిల్ సరిపోతుందా, అంతకంటే శక్తిమంతమైన .300 విన్ మ్యాగ్ రైఫిల్ కొనాలా అని ఆగస్టులో ఇక్కడ అడిగాను. 100 గజాల దగ్గరే నా గుండ్లు ఆరేడు అంగుళాల మేర చెదిరిపోవడమే ఆ సందేహానికి మూలం. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కొనే ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు చూపించమన్న సలహాయే పనిచేసింది. ఆయన స్కోప్‌ను (గురిచూసే దుర్భిణిని) రైఫిల్‌కు పట్టి ఉంచే బేస్ స్క్రూపై స్క్రూడ్రైవర్ పెట్టగానే అది ముప్పావు చుట్టు తిరిగింది. బిగించాక గుండ్లన్నీ అంగుళంన్నరలోపు పడ్డాయి. క్యాలిబర్‌పై (తూటా సైజుపై) మనం సాగించిన వాదమంతా, నిజానికి, అనవసరమైంది.

తూటాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమైంది. ఇక్కడి నిబంధనల ప్రకారం ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల (సుమారు 5.5 గ్రాముల) బరువుండి, తగిలాక విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ లేదా హాలో పాయింట్ గుండే వాడాలి కాబట్టి, సాధనకు వాడిన చవక, తగిలినా విచ్చుకోని ఫుల్ మెటల్ జాకెట్ తూటాలను పక్కనపెట్టి, 180 గ్రెయిన్ల బాండెడ్ (లోపలి సీసం, పై తొడుగు అతికి ఉండే) గుండ్లతోనే స్కోప్‌ను మళ్లీ సరిచేశాను. ఎందుకంటే పాత తూటాలతో పోలిస్తే వాటి తాకిడి చోటు మూడు అంగుళాలు కిందికి మారింది.

అక్టోబరులో 190 గజాల దూరం నుంచి, భుజం వెనుక తగిలిన ఒక్క గుండుకే ఆడ ఎల్క్ నలభై అడుగుల లోపే కూలింది. పుట్టగొడుగులా విచ్చుకున్న ఆ గుండు అవతలి వైపు చర్మం కింద దొరికింది.