భాషలో ముందున్న పిల్లలను పై క్లాసుకు పంపాలా, ఉన్నచోటే లోతుకు తీసుకెళ్లాలా?

భాషా టీచర్:
ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు భాష చెబుతాను. మా స్కూల్లో ఇప్పుడొక ప్రతిపాదన నడుస్తోంది. చదవడం, రాయడంలో బాగా ముందున్న పిల్లలను భాష పీరియడ్‌కు మాత్రం తొమ్మిదో తరగతిలో కూర్చోబెడతారట. నేను ఒప్పుకోవడం లేదు. ఆ పిల్లలకు ఇప్పుడిస్తున్నది చాలదు, ఇంకా చాలా ఇవ్వాలి. కానీ తొమ్మిదో తరగతి పుస్తకం చేతికిస్తే ఆ లోటు తీరదని నా వాదన. అక్కడా అవే ప్రశ్నలు, అవే జవాబులు, పాఠం మాత్రం ఇంకాస్త పొడుగు. టీచర్లు, తల్లిదండ్రులు ఏమంటారు?

ఆరో తరగతి అమ్మ:
టీచర్ గారూ, మీరన్నది వినడానికి బాగుంది. కానీ పిల్లకు రోజూ ఏం జరుగుతోందో చూడండి. మా అమ్మాయి పుస్తకం చేతికొచ్చిన వారంలోనే మొత్తం చదివేస్తుంది. ఆ తర్వాత నెలలకొద్దీ చదివేసిన పాఠాలే వింటూ కూర్చుంటుంది. రాత పని త్వరగా ముగిస్తే ఇంకో వర్క్‌షీట్ ఇస్తారు, అదీ అదే రకం. దాంతో ఇప్పుడు కావాలనే నెమ్మదిగా రాయడం అలవాటు చేసుకుంది. పదకొండేళ్ల పిల్ల తెలివి దాచుకోవడం నేర్చుకుంటుంటే చూస్తూ ఊరుకోమంటారా?

పై క్లాసుకు పంపితే పిల్లలు ఒంటరైపోతారని భయపెడతారు. 2004లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి దీని మీద పెద్ద నివేదిక వచ్చింది. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, పిల్లలను జాగ్రత్తగా ఎంచుకుంటే ఆ భయానికి ఆధారం లేదనే చెప్పింది. లెక్కల్లో ముందున్న పిల్లాణ్ని పై క్లాసుకు పంపుతామంటే ఎవరూ ఇంత ఆలోచించరు. భాష దగ్గరికి వచ్చేసరికే ఎందుకండీ ఇన్ని అడ్డంకులు?

భాషా టీచర్:
అమ్మాయి విషయంలో మీ బాధ నూటికి నూరు పాళ్లు న్యాయం. చేతనైన పిల్లకు అదే రకం పని మళ్లీ ఇవ్వడం శిక్షతో సమానం.

లెక్కల మాట తీశారు కాబట్టి చెబుతాను. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పేరున్న అధ్యయనం గణితంలో ముందున్న పిల్లల మీదే. అక్కడ మెట్లు స్పష్టంగా ఉంటాయి. భిన్నాలు వచ్చాయా, బీజగణితానికి పద. భాషలో అలాంటి మెట్లు లేవు. పన్నెండేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల నవల గడగడా చదివేస్తాడు, ప్రతి మాటకూ అర్థం చెబుతాడు. అందులో ఇరవై ఏళ్ల కాపురంలో ఇద్దరి మధ్య పేరుకుపోయిన మౌనం మాత్రం అతనికి అందకపోవచ్చు. అది తెలివి తక్కువై కాదు, ఇంకా అంత జీవితం చూడక.

లోతు అంటే ఏమిటో ఒక ఉదాహరణ ఇస్తాను. క్లాసు కోసం ఒక పేజీ కథ రాసుకున్నాను. స్నేహితుడు చెప్పకుండా ఊరు విడిచి వెళ్లిపోతే ఒక కుర్రాడు ఆ సంగతి చెబుతుంటాడు. మధ్యలో మూడుసార్లు ‘నాకేం కోపం లేదు’ అంటాడు. ‘స్నేహితుడు ఎక్కడికి వెళ్లాడు?’ అని అడిగితే ముందున్న పిల్లలకు అర నిమిషం పని. నేను అడిగేది వేరు: ఆ మాటను మీరు ఎక్కడ నమ్మడం మానేశారు? వాక్యం మీద వేలు పెట్టి చూపించండి. ఒకమ్మాయి మొదటిసారే నమ్మలేదంది. ఎందుకంటే కోపం ఉందా అని అతన్ని ఎవరూ అడగనే లేదు కదా! ఇంకొకడు లేచి, మూడోసారి అన్నది మాత్రం నిజమేనన్నాడు, అప్పటికి కోపం పోయి బాధ మిగిలిందట. ఇద్దరూ పీరియడ్ అయిపోయేదాకా ఆ పేజీతోనే వాదించుకున్నారు. ఇంటిపనిగా, ఒక్క సంగతి కూడా మార్చకుండా అదే కథను వెళ్లిపోయిన స్నేహితుడి నోట చెప్పమన్నాను. ఈ పనికి తొమ్మిదో తరగతి పుస్తకం అక్కర్లేదు. పిల్లలు చెప్పిన జవాబుకు ‘ఎలా తెలిసింది?’ అని వదలకుండా అడిగే మనిషి కావాలి.

రిటైర్డ్ మాస్టారు:
టీచరమ్మా, కథ బాగుంది. అయితే నాదొక ప్రశ్న. ఆ పేజీ ముందున్న పిల్లలకే ఎందుకు? క్లాసంతటికీ ఎందుకు ఇవ్వకూడదు?

పిల్లలను విడదీయడం అంటేనే నాకు భయం. జీనీ ఓక్స్ 1985లో అమెరికాలో ఇరవై అయిదు స్కూళ్ల తీరు మీద రాసిన పరిశోధనలో తేలింది ఇదే. పై గుంపుకు ఆలోచించే పని, కింది గుంపుకు బట్టీ పని. గుంపు మారితే అందే చదువే మారిపోతుంది. పైగా ‘ప్రతిభ’ అని మనం దేన్ని కొలుస్తున్నాం? ఇంట్లో పుస్తకాలున్న పిల్లకు మాటలు ఎక్కువ వస్తాయి, మాటలు వస్తాయి కనక ఇంకా చదువుతుంది, చదివేకొద్దీ ఇంకా వస్తాయి. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన కీత్ స్టానోవిచ్ 1986లోనే ఈ తేడా ఏటేటా ఎలా పెరుగుతుందో వివరంగా రాశాడు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలు, అక్షరాలు తడబడే డిస్లెక్సియా పిల్లలు మన పరీక్షలో ఎక్కడ కనిపిస్తారు? నోటితో అద్భుతంగా కథ అల్లి, కాగితం మీద రెండు వాక్యాలు రాయలేని పిల్లలను నేను చూశాను. వాళ్లకు ప్రతిభ లేదనే ధైర్యం నాకు లేదు.

ఆరో తరగతి అమ్మ:
మాస్టారూ, ఎంపిక సరిగ్గా లేదంటే ఒప్పుకుంటాను. కానీ అందరినీ కలిపి ఉంచిన క్లాసులో మా అమ్మాయికి దొరికిన పని ఏమిటో తెలుసా? పక్కవాళ్లకు పాఠం చెప్పడం. ఎప్పుడో ఒకసారి అయితే మంచిదే, రోజూ అదే పనైతే ఆ పిల్ల నేర్చుకునేది ఎప్పుడు?

డిగ్రీ స్టూడెంట్:
చిన్నప్పుడు ఇలాంటి స్పెషల్ క్లాసులో ఉన్నాను కాబట్టి ఒక మాట. అందరికీ ఒక వ్యాసమైతే మాకు మూడు. అందరికీ ఒక పుస్తకమైతే మాకు రెండు. దాన్నే ‘అడ్వాన్స్‌డ్’ అనేవారు. మార్కులు తగ్గుతాయేమోనన్న టెన్షన్‌లో ఎప్పుడూ సేఫ్‌గా, టీచర్‌కి నచ్చేలా రాసేదాన్ని. నిజంగా ఉపయోగపడింది మాత్రం నాలాగే చదివే ఇంకో నలుగురు పక్కన ఉండడం. అంతకుముందు చదివిన పుస్తకం గురించి మాట్లాడడానికి నాకు ఎవరూ ఉండేవారు కాదు. ఆ తోడు మాత్రం తీసేయకండి.

భాషా టీచర్:
ఆ సేఫ్‌గా రాయడం గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. భాషలో ముందున్న పిల్లలకు అసలు నష్టం అక్కడే. మొదటి డ్రాఫ్ట్‌కే పూర్తి మార్కులు వస్తాయి. ‘పుస్తకాలు మన జీవితంలో వెలుగు నింపుతాయి, మంచి స్నేహితుల్లా దారి చూపుతాయి’ అని ఏడో తరగతి పిల్లవాడు రాస్తే మనం మురిసిపోయి ‘వెరీ గుడ్’ అని పెడతాం. తప్పు ఒక్కటీ లేదు, చెప్పింది కూడా ఏమీ లేదు. అలాంటి పేరా పక్కన నేను ఒకే ప్రశ్న రాస్తాను: దీన్ని కాదనే మనిషి ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఇందులో వాదన లేదు. పిల్లలకు మొదట కోపం వస్తుంది. తిరగరాయడం అంటే అక్షరదోషాలు దిద్దుకోవడమే అనుకుంటారు కదా. తర్వాత మెల్లగా ‘నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయడం తప్పు కాదు’ లాంటి వాక్యం వస్తుంది. దాంతో పోట్లాడొచ్చు. అప్పుడు ఆధారాలు వెతుక్కుంటారు, ఎదుటివాడి మాటకు జవాబు చెబుతారు. ఆ రెండో డ్రాఫ్ట్‌కే మార్కులు వేస్తాను, మొదటిదానికి వేయను.

మాస్టారూ, ఆ కథ క్లాసంతటికీ ఇవ్వాలన్నది ఒప్పుకుంటున్నాను, ఇస్తున్నాను కూడా. మొదట్లో వెనకబడ్డారనుకున్న పిల్లలే కొన్నిసార్లు కథకుణ్ని ముందుగా పట్టేశారు. అందుకే నా గుంపులు ఏడాదంతా ఒకేలా ఉండవు, పనిని బట్టి మారతాయి. కవిత్వానికి ఒక గుంపు, చర్చకు ఇంకో గుంపు. అలాగని ముందున్నవాళ్లు తమలాంటి వాళ్లతో కూర్చునే పీరియడ్లు వారంలో ఉండి తీరాలి. ఆ విషయంలో స్టూడెంట్ గారి పక్షమే నేను.

అమ్మా, మీ అమ్మాయి సంగతికి ప్రతిభ ఉన్న పిల్లల చదువు మీద పరిశోధన చేసిన అమెరికన్ జోసెఫ్ రెంజుల్లి బృందం చెప్పిన పద్ధతి పనికొస్తుంది. పాఠం మొదలుపెట్టకముందే పరీక్ష పెట్టి, వచ్చిన భాగం వదిలేసి, మిగిలిన సమయాన్ని వేరే పనికి ఇవ్వడం. స్కూల్లో అడగాల్సింది అదనపు పని కాదు, ఈ బదులు పని.

ఆరో తరగతి అమ్మ:
అడుగుతాను. కానీ ఖాళీ అయిన సమయంలో ఆ పిల్లను లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చోబెడితే?

భాషా టీచర్:
అలా అయితే వద్దనండి. ఆమె రాసింది చదివి తిరిగి ప్రశ్న వేసే టీచర్ వారానికి ఒక్క పీరియడ్ అయినా దొరకాలి, ముందు అది ఖాయం చేసుకోండి. మా స్కూల్లో అదీ కుదరదని తేలితే, తొమ్మిదో తరగతిలో అలా చదివే టీచర్ ఉంటే, ఆ పిల్లలను అక్కడికి పంపడానికి నేనే సంతకం పెడతాను.

రిటైర్డ్ మాస్టారు:
ఆ షరతు కాగితం మీద రాయించండి టీచరమ్మా. ఎంపిక పరీక్షలో నోటితో కథ చెప్పించడం కూడా చేర్చమనండి.