ఓవర్సీస్ రిక్రూట్‌మెంట్‌లో డైరెక్టర్ పోస్టుకి అప్లై చేస్తున్నా, ఎలా ప్రిపేర్ అవ్వాలి?

ఫైళ్లకట్ట

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ఈ ఫీల్డులో నాకు పదమూడేళ్లు. పాస్‌పోర్టులు స్కాన్ చేసే డెస్కులో మొదలెట్టి, సోర్సింగ్ (మనుషుల్ని వెతకడం), మొబిలైజేషన్ (ఎంపికైనవాళ్లని విమానం ఎక్కించడం) అన్నీ తిరిగి, నాలుగేళ్లుగా ఆపరేషన్స్ మేనేజర్‌గా ఉన్నా. ఎవరి వీసా ఎక్కడ ఆగిందో సిస్టం తెరవకుండానే చెప్పగలను. ఇప్పుడు మాకంటే చాలా పెద్ద సంస్థలో డైరెక్టర్ పోస్టు పడింది. మూడు దేశాల్లో ఆఫీసులు, లాభనష్టాలు మొత్తం ఆ మనిషి నెత్తినే. సీవీతో పాటు ‘మొదటి ఏడాది మీరేం చేస్తారు’ అని రెండు పేజీల నోట్ కూడా అడిగారు.

సీవీలో మొదటి లైను ‘4,200 మందిని విదేశాలకు పంపించాను’ అని పెట్టా. మా ఆయన చదివి ‘ఇది కొరియర్ కంపెనీ సీవీలా ఉందే’ అన్నాడు. ఒళ్లు మండింది. కానీ అప్పట్నుంచీ ఆ లైను చూస్తే నాకూ అదే గుర్తొస్తోంది.

భయాలు రెండు. బ్యాలెన్స్ షీటు చదవడం నాకు అంతంత మాత్రం. రెండోది, రెండేళ్ల కిందట నా చేతి మీదుగా వెళ్లిన ఒక వెల్డర్ల బ్యాచ్ ఘోరంగా దెబ్బతింది. ఈ ఫీల్డు చిన్నది, ప్యానెల్లో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. వాళ్లు అడిగితే చెప్పాలా? అడక్కముందే చెప్పాలా?

---

అవతలికుర్చీ

మేడం, మీ ఆయన మాటే నిజం. నేను ఎంప్లాయర్ వైపు వాణ్ణి. ఏజెన్సీలను ఎంచుకునే కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నా, ఇలాంటి పోస్టుల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో రెండుసార్లు.

పంపిన సంఖ్య అందరూ చెప్తారు. నేను అడిగేది ఒక్కటే: డిమాండ్ లెటర్‌లో (ఎంతమంది కావాలో ఎంప్లాయర్ ఇచ్చే కాగితం) 100 ఉంటే, ట్రేడ్ టెస్ట్ (పనితనం పరీక్ష) దాటినవాళ్లెందరు, మెడికల్‌లో పోయిందెందరు, వీసా వచ్చాక వెనక్కి తగ్గిందెందరు, విమానం ఎక్కిందెందరు, తొంభై రోజుల తర్వాత ఇంకా పనిలో ఉన్నదెందరు? చివరి అంకె చెప్పగలిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఆ లెక్క మీ దగ్గర ఉంటే మీ నోట్ సగం రాసేసినట్టే. లేకపోతే ఈ రాత్రే పాత ఎక్సెల్ షీట్లు తవ్వండి.

ఆ బ్యాచ్ సంగతి వాళ్లు అడగకముందే చెప్పండి. కాకపోతే కథ రెండు నిమిషాలు దాటకూడదు. అందులో ‘నేను’ అన్న మాట ఉండాలి. ‘సబ్‌ఏజెంటు (ఏజెన్సీకి మనుషుల్ని తెచ్చిచ్చే మధ్యవర్తి) మోసం చేశాడు’ అని మొదలెట్టినవాళ్లని మేం అక్కడితోనే వదిలేశాం.

---

చిల్లరలెక్క

బ్యాలెన్స్ షీటు గురించి బెంగ వద్దు అక్కా. ఈ వ్యాపారంలో తెలియాల్సింది డబ్బు ఎప్పుడు పోతుంది, ఎప్పుడొస్తుంది అన్నదే. సోర్సింగు, టెస్టు, కాగితాల అటెస్టేషన్, ఒక్కోసారి టికెట్... ఇవన్నీ మన జేబులోంచి ముందే పోతాయి. క్లయింటేమో మనిషి దిగాక ఇన్వాయిస్ తీసుకుని, ఆ తర్వాత 60 రోజులకు కడతాడు. వీసాలు ఒక్క నెల లేటైతే ఆ నెల జీతాలు ఎక్కడ్నుంచి ఇస్తారు? ఆర్డర్లు చేతినిండా ఉండి కూడా మూతపడ్డ ఆఫీసు ఒకటి నేను దగ్గరుండి చూశా.

దీనికితోడు ఉచిత రీప్లేస్‌మెంట్. తొంభై రోజుల్లో మనిషి తిరిగొచ్చేస్తే ఇంకొకణ్ణి మన ఖర్చుతో పంపాలి కదా, ఆ ఖర్చు చాలామంది బడ్జెట్లో వేయనే వేయరు. మీ నోట్లో ఆ లైను కనిపిస్తే ఫైనాన్స్ ఆయన కుర్చీలో ముందుకు జరుగుతాడు, చూస్కోండి.

---

నిబంధనలపిచ్చి

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అంటున్నా. వర్కర్ దగ్గర డబ్బు ఎవరు తీసుకున్నారు? ఇప్పుడు పెద్ద క్లయింట్లు మొదట అడిగేదిదే.

ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 181వ కన్వెన్షన్ 1997 నాటిది. ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల నుంచి నేరుగా గానీ చాటుగా గానీ ఫీజు తీసుకోకూడదని దాని 7వ ఆర్టికల్ చెప్తుంది, కొన్ని మినహాయింపులతో. న్యాయమైన రిక్రూట్‌మెంట్ మీద ఐఎల్ఓ సూత్రాలు 2016లో వచ్చాయి. ఏ ఖర్చుని ఫీజు కింద లెక్కేయాలన్న నిర్వచనం ఆ తర్వాత వచ్చింది. మెడికల్, ట్రైనింగ్, ప్రయాణం లాంటివన్నీ అందులోకే వస్తాయి. ‘మేం ఫీజు తీసుకోం, మెడికల్ ఖర్చు మాత్రం వాళ్లదే’ అనే పాత పాట ఇక చెల్లదు. వలస కార్మికుల నియామకం మీద వచ్చిన ఢాకా ప్రిన్సిపుల్స్ (2012) కూడా ఓసారి చదవండి, చిన్నవే. ఐఓఎం (అంతర్జాతీయ వలస సంస్థ) నడిపే, నైతిక రిక్రూట్‌మెంట్‌కి సంబంధించిన ఐరిస్ ప్రమాణం కూడా తెలిసి ఉండాలి.

నర్సులను పంపుతారా? అయితే డబ్ల్యూహెచ్ఓ 2010 కోడ్ (ఆరోగ్య సిబ్బందిని వేరే దేశాల నుంచి తీసుకోవడం మీద నియమావళి) కచ్చితంగా చూడాలి. ఆరోగ్య సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న దేశాల జాబితా ఒకటుంది, 2023లో అందులో 55 దేశాలున్నాయి. ‘కొత్త సోర్స్ దేశం తెరుస్తా’ అని ఉత్సాహంగా రాసి, ఆ దేశం ఈ జాబితాలో ఉందని ప్యానెల్ చెప్తే తెలుసుకున్న ఒక పెద్దమనిషి నాకు తెలుసు. పాపం, నర్సుల ఊసు మళ్లీ ఎత్తలేదాయన.

---

మార్కెట్టుమనిషి

కన్వెన్షన్లు అప్పజెప్తే పోస్టిచ్చేస్తారా ఎక్కడైనా? డిమాండ్ తెచ్చేవాడికే పోస్టు. క్లయింట్ల పేర్లు పట్టుకెళ్లండి, మిగతావి కింద స్టాఫ్ చూసుకుంటారు.

> అవతలికుర్చీ: డిమాండ్ తేవాలి, కాదన్ను. కానీ పాత కంపెనీ క్లయింట్ల లిస్టు బల్ల మీద పెట్టినాయన్ని మేం తీసుకోలేదు సార్. రేపు మా లిస్టు కూడా ఇంకెక్కడో పెడతాడుగా.

---

ఫైళ్లకట్ట

అందరికీ థాంక్స్. రాత్రి రెండింటి దాకా పాత షీట్లు తవ్వా. ఆ బ్యాచ్ కథ ఇక్కడే చెప్పేస్తా, రెండు నిమిషాల్లో అవుతుందో లేదో మీరే చూడండి.

క్లయింటు అడిగింది 6జీ పైపు వెల్డర్లు. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని కదపకుండా మనిషే చుట్టూ తిరుగుతూ వెల్డింగ్ చేయాలి. మా టెస్ట్ సెంటర్లో ఆ వారం పైపులు అయిపోయాయి. నిలువు ప్లేటు మీద 3జీ (దీనికంటే తేలికైన టెస్టు) చేయించి, రిపోర్టులో 6జీ అని రాశారు. నేను ఫొటోలు తెరిచి చూడకుండా సంతకం పెట్టా. ఫొటోల్లో ప్లేట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి, తర్వాత చూశాను. 64 మంది వెళ్లారు, తొంభై రోజులయ్యేసరికి 33 మంది మిగిలారు. తిరిగొచ్చిన 31 మందిలో చాలామంది సబ్‌ఏజెంటుకి అప్పుచేసి మరీ డబ్బిచ్చారట. ఎక్కేముందు మేం అడిగితే ‘ఎవరికీ ఏమీ ఇవ్వలేదు సార్’ అని అందరూ ఒకే మాట చెప్పారు.

ఆ తర్వాత రెండు మార్చా. టెస్టు వీడియోలో అభ్యర్థి మొహం, పాస్‌పోర్టు, పని చేసే ముక్క మూడూ కనిపించాలి. డబ్బు గురించి విమానం ఎక్కేముందే కాక, దిగిన ముప్పయ్యో రోజున కూడా ఫోన్ చేసి అడుగుతాం. మొదటి జీతం చేతికొచ్చాక నిజం చెప్తారు. ఆ ఫోన్లతో ఇద్దరు సబ్‌ఏజెంట్లను వదిలించుకున్నాం. తర్వాతి ఆరు బ్యాచ్‌లు కలిపి 212 మంది వెళ్తే, తొంభై రోజులకి 197 మంది ఉన్నారు. ఈ అంకె నా దగ్గర ఉందని నిన్నటిదాకా నాకే తెలీదు.

సీవీ మొదటి లైను ఇప్పుడిలా ఉంది: ‘పంపిన ప్రతి 100 మందిలో తొంభై రోజుల తర్వాత పనిలో ఉన్నవారి సంఖ్యను 51 నుంచి 92కి తెచ్చాను.’ 4,200 లోపలెక్కడో ఉంది.

---

అవతలికుర్చీ

రెండు నిమిషాలు పట్టలేదు. ‘ఫొటోలు తెరిచి చూడకుండా సంతకం పెట్టా’ అన్న వాక్యం మాత్రం మార్చకండి, అలాగే చెప్పండి. ఒక్క అనుమానం: 51 అనేది ఒక చెడ్డ బ్యాచ్ అంకె, 92 ఆరు బ్యాచ్‌లది. నేను ప్యానెల్లో ఉంటే అక్కడే పట్టుకుంటా. దానికి ముందు ఏడాది మొత్తం సగటు ఎంత?

---

ఫైళ్లకట్ట

అమ్మో, నిజమే. ఇప్పుడే తీశా, 78. లైను ‘78 నుంచి 92కి’ అని మార్చా. చూడ్డానికి చిన్నగా ఉంది గానీ, ఎవరు గుచ్చి అడిగినా తడుముకోను. 51 ఆ బ్యాచ్ కథలోనే ఉంటుంది. శుక్రవారం ఆఖరు తేదీ, రెండు పేజీల నోట్‌లో రీప్లేస్‌మెంట్ ఖర్చు లైను ఇంకా రాయాలి.