ఈ వారం సమస్య: పాపలేని కన్ను పాట పాడె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం ఇదిగో, ముందు మూడూ మీరు పూరించాలి:

పాపలేని కన్ను పాట పాడె

పాత ‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ కామిక్ స్ట్రిప్‌లు తిరగేస్తుంటే తట్టింది. హెరాల్డ్ గ్రే 1924లో మొదలుపెట్టిన ఆ స్ట్రిప్‌లో ఆనీ అనే అనాథపిల్ల కళ్ళు ఉత్త సున్నాలు, లోపల కనుపాప చుక్క కూడా ఉండదు. అలాంటి పిల్ల 1977లో మ్యూజికల్ నాటకంగా న్యూయార్క్ బ్రాడ్వే ఎక్కింది, 1982లో జాన్ హ్యూస్టన్ సినిమాలో గొంతెత్తి పాడేసింది. కామిక్ స్ట్రిప్‌లోంచి ఇంటిల్లిపాదీ చూసే మ్యూజికల్‌గా మారిన సినిమా ఏదైనా సరే, పూరణ దాని మీదే ఉండాలి. రాముడూ కృష్ణుడూ ఈ వారానికి సెలవు.

గోదారిగట్టు:
గ్రేయి గీచినట్టి గీతల బొమ్మకు
వెండితెరను గొంతు వెలసె నంట
రేపు రేపటంచు రెప్పపాటే లేని
పాపలేని కన్ను పాట పాడె

పాతబడి పంతులు: మూడో పాదం బాగుంది. సినిమా మొత్తానికి ప్రాణం ఆ ‘రేపు’ (టుమారో) పాటే కదా. కానీ ఈ ‘గ్రేయి’ ఎవరు స్వామీ? పాపం ఆయన పేరుకి తోక ఎందుకు తగిలించారు?

గోదారిగట్టు: ‘గ్రే’ అంటే ఒక్క గురువు మాస్టారూ. పక్కన లఘువు కావాలంటే ఆయన్నే అడగాలి, ఆయనేమో 1968లోనే పోయారు. మీ పూరణ కోసం ఎదురుచూస్తున్నాం.

పాతబడి పంతులు:
రూజువెల్టు పేర రుసరుసలాడిన
కలము కన్నయట్టి కన్నకూన
వారి కొలువులోన వల్లించె రేపని
పాపలేని కన్ను పాట పాడె

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. గ్రేకి అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్నా, మాంద్యం నుంచి బయటపడ్డానికి ఆయన తెచ్చిన న్యూ డీల్ పథకాలన్నా ఒళ్ళుమంట. 1944లో స్ట్రిప్‌లో ఆనీని చేరదీసిన కోటీశ్వరుడు వార్‌బక్స్‌ను చంపేసి, 1945లో రూజ్‌వెల్ట్ పోయాక మళ్ళీ బతికించాడు. అలాంటివాడు సృష్టించిన పిల్లను సినిమావాళ్ళు వైట్‌హౌస్‌కి తీసుకెళ్ళి, ఆ రూజ్‌వెల్ట్ ముందే పాడించారు. ఇంతకంటే మెలిక ఏం కావాలి?

గోదారిగట్టు: మెలికకు వంక లేదు. కానీ మూడు పాదాల్లో ఎక్కడా కన్ను ఊసే లేదే! సమస్య పాదం తీసేసి ‘కూన యొకతె వచ్చి పాట పాడె’ అన్నా నడుస్తుంది. ముడి విప్పకుండా పక్కనుంచి దాటేశారు. ఉగాదికి రాసిన కందంలోనూ ఇదే వరస. పాదాలన్నీ ఒకేలా మొదలవ్వాల్సింది పోయి, మొదటి పాదం గురువుతో, మూడో పాదం లఘువుతో. మేం పెద్దవారని ఊరుకున్నాం.

పాతబడి పంతులు: ఆ కందం సంగతి ఇక్కడెందుకు?

సముద్రఘోష: గొడవ తర్వాత, నా ‘పాపాయ్’ చూడండి. అదీ కామిక్ స్ట్రిప్ నావికుడి కథే. 1980 సినిమా, రాబిన్ విలియమ్స్ వేషం, ఆల్ట్‌మన్ డైరెక్షన్.

ఒంటికంటి వాడు ఓడ దిగిన వేళ
బుట్టలోన నొక్క బుజ్జి దొరికె
పాప దక్కె గాన పరవశంబున నేడు
పాపలేని కన్ను పాట పాడె

ఆ సినిమా కోసం మాల్టాలో కట్టిన చెక్క ఊరు ఇప్పటికీ ఉంది, టూరిస్టులు టికెట్ కొనుక్కుని మరీ చూస్తారు.

పాతబడి పంతులు: ‘పాప’కు పసిబిడ్డ అనే అర్థం పట్టుకున్నారు, శభాష్. సినిమాలోనూ పాపాయ్ ఆ బిడ్డకు జోల పాడతాడు. అయితే ‘వాడు ఓడ’ పచ్చి విసంధి, సంధి చెయ్యకుండా వదిలేశారు. ‘ఒంటికన్నుతోడ నోడ దిగినవాడు’ అనండి.

గోదారిగట్టు: బుట్టలో దొరికిన స్వీపీ మగపిల్లాడు కదండీ! పాప ఎలా అవుతాడు?

సముద్రఘోష: చంటిపిల్లలకి ఆడా మగా ఏమిటండీ. మా మనవణ్ణి ఇప్పటికీ పాపాయి అనే పిలుస్తాం.

అట్లాంటా కోడలు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. మా పిల్లలతో కలిసి ఆనీ చూసి రాసింది.

అనాథ పిల్ల యొకతె దిగులు దాచుక నవ్వ
బట్టతల కుబేరు పంట పండె
పాప చేరినంత పాషాణ మది పొంగ
పాపలేని కన్ను పాట పాడె

పాతబడి పంతులు: అమ్మా, ‘అనాథ’ జగణం, అక్కడ పట్టదు. యతి కూడా పోయింది. ‘దిక్కులేని పిల్ల దిగులు దాచుక నవ్వ’ అంటే రెండూ కుదురుతాయి. ‘బట్టతల కుబేరు’ మాత్రం అదిరింది. వార్‌బక్స్ వేషం వేసిన ఆల్బర్ట్ ఫిన్నీ నున్నటి గుండు కళ్ళ ముందు మెరిసింది.

అట్లాంటా కోడలు: మార్చేశానండీ, థాంక్స్. ఒక సందేహం. సినిమాలో తలపాగా బాడీగార్డ్ పేరు పంజాబ్. నాటకంలో ఆ పాత్ర కనబడదేం?

నిర్వాహకుడు: నాటకంలో లేదు, సినిమా కోసం స్ట్రిప్ నుంచి వెనక్కి తెచ్చుకున్నారు. వేసిన జెఫ్రీ హోల్డర్ పుట్టింది ట్రినిడాడ్‌లో. పంజాబ్ అన్న పేరుకి తలపాగా, మంత్రాలు తగిలిస్తే చాలనుకునే రోజులవి.

ఈ వారం నా ఓటు అట్లాంటా కోడలు గారికే.

గోదారిగట్టు: అన్యాయం! పాప అంటే బిడ్డ అనే మెలిక ముందు వేసింది సముద్రఘోష గారు. ఆవిడ రెండోసారి వాడారు, అంతేగా?

నిర్వాహకుడు: ఆ స్ట్రిప్ ఓసారి తీసి చూడండి. గ్రే బొమ్మల్లో కనుపాప లేనిది ఆనీకి ఒక్కదానికే కాదు, వార్‌బక్స్‌కీ లేదు. అంటే ఆ కంట్లో పాపా లేదు, ఆ ఇంట్లో పాపా లేదు. ఒకే పాదంలో రెండర్థాలూ ఒకే మనిషికి అతికాయి. పాపాయ్ పద్యంలో ఒక్కటే అతికింది.

సముద్రఘోష: నాకు అభ్యంతరం లేదు. ఆవిడ రెండో పాదం నాకు రాలేదే అని కుళ్ళుకుంటున్నాను.

పాతబడి పంతులు: గోదారిగట్టు గారూ, ఆ ఉగాది కందం టైపు చేసింది మా మనవడు.

గోదారిగట్టు: మరి అందులో యతి తప్పింది కూడా మనవడేనా?