సివిల్ అఫైర్స్‌ని తెలుగులో ఏమనాలి? "పౌర వ్యవహారాలు" నాకు మింగుడుపడటం లేదు

అందరికీ నమస్కారం. మేముండే ఊళ్ళో (అమెరికా) తెలుగు సంఘం ఉగాది సంచికకి వ్యాసాలు దిద్దే పని నా మీద పడింది. అందులో ఒకటి మా అక్క కొడుకుది. వాడు ఇక్కడి ఆర్మీ రిజర్వులో సివిల్ అఫైర్స్ అనే విభాగంలో చేస్తాడు, ఆ విభాగం వాళ్ళకి ఒక వృత్తి సంఘం ఉంది, సివిల్ అఫైర్స్ అసోసియేషన్ అని, దాని గురించి ఇంగ్లీషులో రాసిచ్చి "పిన్నీ, తెలుగు నువ్వే చెయ్యి" అన్నాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను, రెండు రోజులైంది.

నిఘంటువు చూస్తే "పౌర వ్యవహారాలు" అని ఉంటుంది. పదానికి పదం సరిపోయింది, కానీ చదివినవాడికి ఏం తెలుస్తుంది? మన దగ్గర "పౌర" అనగానే పౌర సరఫరాలు, అంటే రేషన్ బియ్యం. లేదంటే పౌర విమానయానం. పోనీ "సైనిక పౌర సంబంధాలు" అందామా అంటే, సమాచార పౌర సంబంధాల శాఖ పుణ్యమా అని ఆ మాట ఎప్పుడో పీఆర్వోలకి రాసిచ్చేశాం. ఇక "వ్యవహారం" సంగతి మీకు చెప్పాలా, ధర్మశాస్త్రాల్లో అది కోర్టు తగాదా, మన వీధిలో "వాళ్ళిద్దరి మధ్య ఏదో వ్యవహారం ఉంది" అంటే ఇంకోటి.

వాడు చేసే పని మాత్రం చాలా స్పష్టమైన పని. సైన్యం ఒక ప్రాంతంలోకి వెళ్ళినప్పుడు అక్కడి జనంతో, ఊరి పెద్దలతో, సహాయ సంస్థలతో మాట్లాడి, నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, బడి ఎలా నడుస్తున్నాయో చూసి, పైవాళ్ళకి చెప్పి, ఆగిపోయినవి మళ్ళీ నడిచేలా చూడటం. శిక్షణలో వాడు పట్టుకెళ్ళే నోట్‌బుక్ ఒకసారి మా వంటింటి బల్ల మీద తెరిచి చూపించాడు. ఆరు గళ్ళు గీసి ఉన్నాయి: ప్రాంతాలు, కట్టడాలు, సామర్థ్యాలు, సంస్థలు, మనుషులు, సందర్భాలు. ఒక్కో గడి కింద చిన్న చిన్న ప్రశ్నలు. బావి ఎవరిది, సంత ఏ రోజు, వంతెన లారీ బరువు మోస్తుందా, ఊళ్ళో తగువు వస్తే ఎవరి మాట వింటారు. పక్కనే కూర్చున్న మా అమ్మ అంతా విని, "అంటే నువ్వు మిలిటరీలో కరణానివన్నమాట" అంది. నాకు ఇప్పటిదాకా దొరికిన అనువాదాల్లో అదే నయం!

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సంఘం 1947లో పుట్టినప్పుడు పేరు మిలిటరీ గవర్నమెంట్ అసోసియేషన్. రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన ప్రాంతాల్లో పాలన నడిపిన అధికారులు ఇళ్ళకి తిరిగొచ్చాక పెట్టుకున్నది. దీన్ని "సైనిక పాలనా సంఘం" అని రాస్తే మన పాఠకుడికి పాకిస్తాన్, మయన్మార్ గుర్తొస్తాయి, వీళ్ళెవరో కుట్ర చేసి గద్దెనెక్కాలనుకునే బాపతు అనుకుంటారు. ఇది ఎలా రాయాలి? దయచేసి చెప్పండి.

నల్గొండ నుంచి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

అమ్మా, మీ అమ్మగారి మాట ఊరికే వదిలేయకండి. కైఫీయతులు, అంటే ఊరూరా రాయించిన ఊళ్ళ చరిత్రలు, గుర్తుచేసుకోండి. కల్నల్ మెకంజీ సైన్యంలో ఇంజనీరే కదా, సర్వే పని మీద మన ఊళ్ళు తిరుగుతూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని పెట్టుకుని, కరణాల దగ్గరున్న కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూపించుకుని చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత అని రాయించాడు. ఉద్దేశం వేరే అయినా, సైన్యం మనిషి ఊరి వివరం అడగడం మనకి కొత్త కాదు.

"పౌర" గురించి ఒక మాట. పురంలో ఉండేవాడు పౌరుడు. పల్లెలో ఉండేవాడు జానపదుడు. "పౌరజానపదులు" అని జంటగా రాసేది అందుకే. మీవాడు వెళ్ళేది ఎక్కువగా పల్లెలకైతే, మూలార్థం పట్టుకు చూస్తే "పౌర" సగం జనాన్ని వదిలేస్తుంది.

"సైనిక పాలన" విషయంలో మాకు సొంత అనుభవమే ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీదికి యూనియన్ సైన్యం వచ్చాక 1949 చివరిదాకా మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి మిలిటరీ గవర్నర్. ఆయన కింద పౌర పాలన చూడటానికి బొంబాయి నుంచి బఖ్లే అనే ఐసీఎస్ అధికారి వచ్చాడు. అచ్చంగా మీరు అడుగుతున్న పనే అది. మరి జనం దానికి ఏం పేరు పెట్టుకున్నారు? సర్కారు కాగితాల్లో "పోలీసు చర్య". మా తాత నోట "మిలిటరీ వచ్చినంక". పుట్టుకలు, పెళ్ళిళ్ళు ఆ లెక్కనే చెప్పేవాడు. అయితే మా వైపు 1951 దాకా సాయుధ పోరాటం మీద అదే మిలిటరీ క్యాంపులు పెట్టి ఇళ్ళు సోదా చేసింది. కాబట్టి మా ఊళ్ళల్లో ముసలివాళ్ళకి ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పదం ఎంచేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి, పాలన చేసినవాడు పెట్టుకునే పేరు, పాలన అనుభవించినవాడు పిలిచే పేరు ఎప్పుడూ ఒకటి కావు.

తాడేపల్లిగూడెం దగ్గర నుంచి, మాజీ హవల్దార్

మాస్టారికి నమస్కారం. ఫౌజులో మాకు "సివిల్" అంటే గేటు బయట ఉన్న లోకం మొత్తం. "సివిల్‌లోకి వెళ్ళాక ఏం చేస్తావు?" అని ఒకళ్ళనొకళ్ళం అడుక్కుంటాం. యూనిఫాం లేకపోతే సివిల్ డ్రెస్. కాబట్టి మావాళ్ళకి సివిల్ అఫైర్స్ అని అలాగే చెబితే సులువుగా అర్థమవుతుంది, తెలుగు చేస్తేనే అయోమయం. మనకి దీనికంటూ వేరే విభాగం లేదు, ఉన్న యూనిట్లే చేస్తాయి. కశ్మీర్‌లో 1998 నుంచి "ఆపరేషన్ సద్భావన" కింద బడులు, మెడికల్ క్యాంపులు నడిపింది అలాగే. సద్భావన అన్న పేరులో వినయం ఉంది చూడండి, అది నాకు నచ్చుతుంది.

మొదట అడిగిన నేనే

మాస్టారూ, హవల్దార్ గారూ, చాలా థాంక్స్. మాస్టారు చెప్పిన ఆఖరి మాట చదివాక మావాడి వ్యాసం మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈ విభాగం చరిత్ర మొత్తం పేరు మార్చుకోవడమే అనిపించింది. 1942లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వీళ్ళకోసం పెట్టిన బడి పేరు మిలిటరీ గవర్నమెంట్ స్కూలు. 1955లో ఆర్మీ రిజర్వులో దీన్ని ప్రత్యేక శాఖ చేసినప్పుడు రెండు పేర్లూ కలిపి పెట్టారు, 1959లో "గవర్నమెంట్" తీసేసి సివిల్ అఫైర్స్ ఒక్కటే ఉంచారు. సంఘం పేరూ అలాగే మారింది. మేం ఏలడానికి రాలేదు అని చెప్పుకోవాలన్న కోరిక ఆ మార్పులో నాకు కనిపిస్తోంది. అందుకే పాత పేరుని మెత్తబరచకూడదు, ఉన్నదున్నట్టు రాయాలి. "ఆక్రమిత ప్రాంతాల సైనిక పాలనాధికారుల సంఘం" అని పొడుగైనా సరే అదే రాస్తాను. ఆ పాలనలో మంచి పనులూ ఉన్నాయి, నాజీలు దోచుకున్న చిత్రాలు, శిల్పాలు వెతికి కాపాడినవాళ్ళు ఈ విభాగం కిందే పనిచేశారు. అయినా ఆక్రమణ ఆక్రమణే.

"కరణం" వాడదామని చాలా ఆశపడ్డాను. కానీ 1984లో ఆ పదవి రద్దయినప్పుడు ఊళ్ళు ఎందుకు సంతోషించాయో మా నాన్న చెప్పేవారు, భూమి లెక్కలు చేతిలో ఉన్నవాడితో ఉండే భయం ఆ మాటలో ఇంకా పోలేదు. అమ్మ నోట ముద్దుగా ఉంటుంది, అచ్చులో వద్దు.

సంఘం చేసే పనికి మాత్రం తెలుగు తేలిగ్గానే వచ్చింది. ఏటా ఒక సదస్సు, ఒక చర్చా సమావేశం, సభ్యుల పరిశోధన వ్యాసాల సంకలనం, ఒక పత్రిక. ఈ విభాగంలో ఎక్కువమంది రిజర్వువాళ్ళు, అంటే వారం రోజులూ వేరే ఉద్యోగం చేసుకునేవాళ్ళు, ఒకరు నేర్చుకున్నది ఇంకొకరికి అందాలంటే ఇలాంటి సంఘం లేకపోతే కుదరదని మావాడు రాశాడు. పత్రిక పేరు "యునోమియా", గ్రీకు మాట, మంచి కట్టుబాటు అని అర్థం. ఆ గ్రీకు "యు", మన "సు" ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. కాబట్టి "సువ్యవస్థ" అందామా? సుపరిపాలన అనే మాట ఉపన్యాసాల్లో విని విని అరిగిపోయింది, పైగా మళ్ళీ పాలన వచ్చి కూర్చుంటుంది.

నల్గొండ మాస్టారు

సువ్యవస్థ బాగుంది. విభాగానికి "పౌర" బదులు "ప్రజా" పెట్టి చూడండి, పల్లె పట్నం రెండూ వస్తాయి.

మొదట అడిగిన నేనే

పెట్టి చూశాను మాస్టారూ. "ప్రజా వ్యవహారాలు" అన్నా ఆ వ్యవహారం పోవట్లేదు, "ప్రజా సంబంధాలు" అంటే మళ్ళీ పీఆర్వో. చివరికి పేరుని అలాగే ఉంచి, పక్కనే పని చెప్పాను. ప్రస్తుతానికి మొదటి వాక్యం ఇది:

"నేను అమెరికా సైన్యంలో సివిల్ అఫైర్స్ విభాగంలో పనిచేస్తాను. సైన్యం వెళ్ళిన ఊళ్ళో జనం బతుకు ఆగిపోకుండా చూసుకోవడం మా పని."

"చూసుకోవడం" దగ్గర నాకింకా అనుమానంగానే ఉంది, మరీ ఇంట్లోవాళ్ళలా ఉందేమో అని. ఆదివారం అచ్చుకి వెళ్తుంది, అంతకంటే మంచి క్రియ ఉంటే ఈలోగా చెప్పండి.